జాలటాత్ అసలు ఏ జాతి? పదేపదే అడిగే ప్రశ్నలు, నాకు తోచిన జవాబులు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడే మనవాళ్ళు నలుగురు కలిస్తే గంట తిరక్కుండా జాలటాత్ ఏ జాతి అన్న ఈ గొడవ మొదలవుతుంది. ఒకడు ఎల్ఫ్ (కోసు చెవుల జాతి) అంటాడు, ఒకడు ఓల్డ్ గాడ్ (నేలలో పాతుకున్న పురాతన దుష్టదేవత) అంటాడు, ఇంకొకడు మధ్యలో దూరి అసలు అదొక కత్తి రా బాబూ అంటాడు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పుకురావడం నా వల్ల కావట్లేదు, అందుకే అన్నీ ఇక్కడ పడేస్తున్నా. లీజియన్ ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి విడతలుగా వచ్చే కొత్త భాగం) నుంచి వార్ వితిన్ దాకా కథ ఇందులో ఉంది, ఇంకా ఆడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, తర్వాత నన్ను తిట్టొద్దు.

అసలు ఎవరీ జాలటాత్?

మొదట్లో ఆమె మనిషి కాదు, ఆయుధం. 2016 ఆగస్టులో లీజియన్ వచ్చినప్పుడు ప్రతి స్పెక్‌కి (క్లాసులోని ఒక్కో పోరాట శైలికి) ఒక ఆర్టిఫాక్ట్ ఆయుధం ఇచ్చారు కదా, చీకటి మంత్రాలు వాడే షాడో ప్రీస్ట్‌కి ఇచ్చిన బాకు పేరే జాలటాత్, ఓల్డ్ గాడ్స్ ఆజెరాత్ లోకాన్ని ఏలిన బ్లాక్ ఎంపైర్ కాలం నాటి కత్తి. మిగతా క్లాసులవాళ్ళ ఆయుధాలు చాలావరకు నోరు మూసుకుని నడుముకి వేలాడితే మనది మాత్రం చెవిలో మాట్లాడుతూనే ఉండేది. ఎక్కడికెళ్తే అక్కడి పాత సంగతులు చెప్పడం, మనల్ని కాస్త వెక్కిరించడం, మధ్యమధ్యలో నన్ను వదిలెయ్యొచ్చుగా అన్నట్టు ఆశపెట్టడం. ఆ గొంతుకే 2019లో ఒళ్ళు వచ్చింది, 2024కి వచ్చేసరికి మొత్తం ఎక్స్‌పాన్షన్‌కే విలన్ అయి కూర్చుంది.

పేరు ఎలా పలకాలి?

జాలటాత్ అనండి చాలు. ఇంగ్లిష్‌లో మధ్యన పైన ఒక కామాలాంటి గుర్తు ఉంటుంది, తెలుగులో దాన్ని పెడితే చదవడానికి పంటి కింద రాయిలా ఉంటుందని తీసేశాను. కథూన్, యషార్జ్, నజాత్ అనే ఓల్డ్ గాడ్స్ పేర్లకీ అదే లెక్క. ఆ గుర్తు గురించి మాత్రం కింద మళ్ళీ వస్తుంది, ఎందుకంటే దాని మీద కూడా ఒక థియరీ ఉంది మన జనానికి.

చెవులు కోసుగా ఉన్నాయి, కనిపిస్తూనే ఉంది కదా ఎల్ఫ్ అని?

ఇదే అందరికంటే ఎక్కువసార్లు అడిగే ప్రశ్న, అందరికంటే తేలిగ్గా కొట్టేయగలిగేది కూడా ఇదే. ఆ ఒళ్ళు ఆమెది కాదు. బ్యాటిల్ ఫర్ ఆజెరాత్ ఎక్స్‌పాన్షన్‌లో క్రూసిబుల్ ఆఫ్ స్టార్మ్స్ రెయిడ్ (జట్టుగా ఆడే పోరు) చుట్టూ ఒక క్వెస్ట్ చెయిన్ (వరసగా చేసే పనుల కథ) వస్తుంది, 2019 సంగతి. అందులో ఆ కత్తి మళ్ళీ మన చేతికి చిక్కుతుంది, ఫలానా మూడు వస్తువులు తెచ్చిపెట్టు అంటుంది, మనం పిచ్చోళ్ళలాగా తిరిగి తెచ్చిపెడతాం. ఆ కథలోనే ఆమె ఒక ఎల్ఫ్ ఒళ్ళు తొడుక్కుని మన ముందు నిలబడుతుంది. చివరికి నజాత్‌తో బేరం కుదుర్చుకుంటుంది, ఆమెని కత్తి నుంచి విడిపించాలి, బదులుగా కత్తి ఆయనకి. బేరం తెగింది, ఆమె దర్జాగా వెళ్ళిపోయింది, మనకి మాత్రం నజాత్ కానుకగా నుదుటి మీద ఒక కన్ను మిగిలింది. ఆ కన్ను పెట్టుకుని ఊరంతా తిరిగాం అప్పట్లో, ఫాలనేత్రంలా ఉందని మా గిల్డ్‌లో, అంటే మా ఆటగాళ్ళ జట్టులో, ఒకడు తెగ మురిసిపోయాడు.

మనకి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాకూడదు నిజానికి. పరకాయ ప్రవేశం అన్న మాట చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం. ఒకడు ఇంకొకడి ఒంట్లోకి దూరితే వాడి కులగోత్రాలు మారిపోతాయా? రాజు శవంలోకి వెళ్ళిన యోగి రాజవుతాడా? చొక్కా చూసి మనిషిది ఏ ఊరో చెప్పినట్టే ఇదీను.

అయితే వాయిడ్ ఎల్ఫ్ అనైనా అనొచ్చా?

ఆ పొరపాటు ఎందుకు వస్తుందో నాకు తెలుసు. వాయిడ్ అంటే వెలుగుకి ఎదురైన చీకటి శక్తి. వాయిడ్ ఎల్ఫ్‌లు ఆడుకునే జాతిగా వచ్చింది 2018 మొదట్లో, ఈమెకి ఎల్ఫ్ ఒళ్ళు వచ్చింది 2019లో, చర్మం రంగు కూడా అటూఇటూగా అదే ఊదా బూడిద, దాంతో జనం రెండూ కలిపేశారు. కానీ వాయిడ్ ఎల్ఫ్‌ల కథ వేరు. వాళ్ళు అంబ్రిక్ అనే మంత్రగాడి వెనక నడిచి తమ రాజధాని సిల్వర్‌మూన్ నుంచి వెలివేతకి గురైన బ్లడ్ ఎల్ఫ్‌లు, వాయిడ్ వాళ్ళని మార్చేసే టైంకి ఆలేరియా అనే ఎల్ఫ్ వీరవనిత వచ్చి కాపాడింది. అంటే వాళ్ళు వాయిడ్ తగిలిన ఎల్ఫ్‌లు. ఈమె ఎల్ఫ్ తగిలించుకున్న వాయిడ్. పదాలు అటూఇటూ చేశానని నవ్వకండి, తేడా మొత్తం అక్కడే ఉంది.

వార్‌క్రాఫ్ట్‌లో రూపం చూసి జాతి చెప్పలేమా?

చెప్పి ఎన్నిసార్లు దెబ్బతిన్నాం! క్రోమీ చూడ్డానికి చిట్టి నోమ్ పిల్ల, తీరా చూస్తే బ్రాంజ్ డ్రాగన్. స్టార్మ్‌విండ్ రాజసభలో లేడీ ప్రెస్టర్ అని ఒకావిడ హుందాగా నిలబడి ఉండేది, ఆవిడ నల్ల డ్రాగన్ ఆనిక్సియా. లీజియన్‌లో గూఢచారుల పెద్ద మథాయస్ షా అనుకుని నమ్మినవాడు డెథెరాక్ అనే డ్రెడ్‌లార్డ్ (వేషం మార్చే రాక్షసుడు). సెయిడన్ డాత్రోహన్ అనుకున్న పెద్దమనిషి లోపల ఉన్నది బల్నజార్ అనే ఇంకో డ్రెడ్‌లార్డ్. ఇరవై ఏళ్ళుగా ఈ గేమ్ మనకి నేర్పింది ఒకటే, ముఖం మీద ఉన్నది బోర్డు మాత్రమే, లోపల కొట్టు ఏంటో వెళ్ళి చూడాలి. మన ఊళ్ళల్లో అయితే పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమో చూసి తేల్చేసేవాళ్ళు, ఈమె సగం సీన్లలో నేలకి కాలు ఆనించకుండా గాల్లో తేలుతూ ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష కూడా పనికిరాదు.

ఐదో ఓల్డ్ గాడ్ అంటారే, ఆ థియరీ ఏంటి?

ఇది కొంచెం నిదానంగా చెప్పాలి.

ఆజెరాత్ మీద మనకి లెక్కకి తెలిసిన ఓల్డ్ గాడ్స్ నలుగురు. కథూన్, యాగ్ సారన్, యషార్జ్, నజాత్. 2016లో వచ్చిన క్రానికల్ అనే వార్‌క్రాఫ్ట్ చరిత్ర పుస్తకం మొదటి భాగంలోనూ నలుగురే. సరే, ఇంతవరకూ గొడవ లేదు. అదే ఏడాది లీజియన్‌లో ప్రీస్ట్‌ల ఆర్డర్ హాల్లో (ఆ క్లాసువాళ్ళ స్థావరంలో) ఈ కత్తి చరిత్ర చెప్పే పుస్తకం ఒకటి పెట్టారు, పేజీ పేజీగా తెరుచుకునేది. అందులో కత్తి పుట్టుక గురించి రెండు మాటలు ఉంటాయి. ఒకటి, యషార్జ్ గోరుతో చేశారని. రెండోది, బ్లాక్ ఎంపైర్ తొలిరోజుల్లో తోటి ఓల్డ్ గాడ్సే మింగేసిన, పేరు కూడా ఎవరికీ గుర్తులేని ఒక ఓల్డ్ గాడ్‌లో మిగిలిన ముక్క ఇదేనని. రెండూ అంటారట, అనుకుంటారట అన్న ధోరణిలోనే ఉంటాయి, ఇదీ నిజం అని ఎక్కడా ముద్ర వెయ్యరు.

ఆ రెండో మాట పట్టుకునే జనం ఐదో ఓల్డ్ గాడ్ అని మొదలుపెట్టారు. క్రానికల్‌లో నలుగురే ఉన్నారు కదా అని అడ్డం తిరిగేవాళ్ళకి ఒక మాట. క్రానికల్ అనేది టైటాన్ల (లోకాల్ని మలిచే దేవతల) వైపు నుంచి చెప్పిన కథ అని గేమ్ తయారుచేసిన బ్లిజార్డ్ వాళ్ళే తర్వాత ఒప్పుకున్నారు. టైటాన్లు వచ్చేసరికే ఒకళ్ళని ఇంకొకళ్ళు తినేసి ఉంటే వాళ్ళ లెక్కలో నలుగురే కనిపిస్తారు. పెళ్ళికి ఆలస్యంగా వెళ్ళినవాడికి విస్తళ్ళు కనిపిస్తాయి గానీ వంటకాలు కనిపించవు కదా.

ఈ థియరీకి ఉన్న బలహీనత కూడా చెప్పాలి. ఓల్డ్ గాడ్ అంటే మనం చూసినంతవరకూ భూమిలో పాతుకుపోయిన గుట్టంత మాంసం. వేళ్ళు దిగిన మర్రిచెట్టులా ఉన్నచోటే ఉండి, గుసగుసలతో మనుషుల్ని తన దగ్గరికి లాక్కుంటుంది. యషార్జ్‌ని అమన్‌థుల్ అనే టైటాన్ పెకిలించినప్పుడు ఆజెరాత్ ఒంటి మీద పెద్ద గాయమే పడింది, వెల్ ఆఫ్ ఎటర్నిటీ అనే మంత్రశక్తి మడుగు వచ్చింది అక్కడినుంచే. అలాంటి జాతిలో పుట్టినది ఇలా ఊళ్ళు తిరుగుతూ, సాలీడు జాతి నెరూబియన్ రాణితో బేరాలాడుతూ, నచ్చకపోతే పోర్టల్ తీసుకుని వెళ్ళిపోతూ ఉంటుందా? దీనికి థియరీవాళ్ళ సమాధానం ఏంటంటే, ఒళ్ళు పోయింది కాబట్టే తిరగగలుగుతోంది అని. తీసిపారేసే సమాధానం కాదు.

యషార్జ్ గోరు అన్నది కూడా పుస్తకంలో ఉంది కదా, దాన్నెందుకు ఎవరూ పట్టించుకోరు?

బోరు కొడుతుంది కాబట్టి, అంతకంటే ఏం లేదు. పోగొట్టుకున్న దేవత అంటే కథ, తెగిన గోరు అంటే చెత్తబుట్ట. కానీ యషార్జ్ ముక్కలకి ఉన్న చరిత్ర చూస్తే దీన్ని అంత తేలిగ్గా వదలకూడదు. చచ్చాక కూడా ఆయన ఊపిరి పండారియాలో షా అనే దుష్టశక్తులై జనాన్ని పీడించింది, ఆయన గుండెని తవ్వి తీసి ఆర్క్ నాయకుడు గరోష్ 2013లో తన రాజధాని ఆర్గ్రిమార్ కింద ఎంత రచ్చ చేశాడో అందరికీ గుర్తే. ఊపిరికీ గుండెకీ అంత ఉంటే గోరుకి నోరు రాకూడదా? నాకైతే ఒక్కటే అనుమానం, ఆయన ముక్కలేవీ ఇంత తెలివిగా, ఇంత సొంత బుద్ధితో మాట్లాడలేదు.

గహూన్ ఐదోవాడు కాదా?

కాదు. ఉల్డిర్‌లో టైటాన్లు చేసిన ప్రయోగం బెడిసికొట్టి పుట్టినది. దత్తత కూడా కాదు, ల్యాబ్ సరుకు.

పేరుని బట్టి జాతి తేల్చొచ్చా?

ఆ మధ్యలో గుర్తు ఉందిగా, ఓల్డ్ గాడ్స్ పేర్లలోనూ ఉందిగా, అంటే ఆమె వాళ్ళే అనేది వాదన. వినడానికి బాగుంది, కానీ అదే గుర్తు ఓల్డ్ గాడ్స్‌కి సేవ చేసే ఫేస్‌లెస్ వాళ్ళ పేర్లలోనూ ఉంటుంది, వెలుగు వైపు ఉండే నారు పేర్లలో కూడా ఉంటుంది, అదాల్, మురు, జెరా అన్నీ అలా రాసేవే. యాగ్ సారన్‌కేమో అసలు అది లేదు, చిన్న గీత ఉంటుంది. ఇంటిపేరు రెడ్డి అయినంత మాత్రాన అందరూ ఒకే ఊరివాళ్ళా ఏంటి.

నారు థియరీ అంటే?

పైన చెప్పిన పేర్ల గొడవలోంచే పుట్టింది. జెరా, జాలటాత్ రెండిటికీ ఇంగ్లిష్‌లో మొదటి అక్షరం ఒకటే. నారు అనేవి వెలుగుతో చేసిన జీవులు, కానీ వెలుగు పూర్తిగా కరిగిపోతే వాయిడ్‌లోకి జారిపోతాయి. 2008లో సన్‌వెల్ ప్లాటో రెయిడ్‌లో మురు కళ్ళముందే ఎంట్రోపియస్ అయిపోవడం చూశాం. కాబట్టి ఈమె ఎప్పుడో చీకట్లో పడిపోయిన నారు, అందుకే ఎల్ఫ్‌ల శక్తి బావి సన్‌వెల్ మీద కన్నేసింది అంటారు. 2023 నవంబర్‌లో వరల్డ్‌సోల్ సాగా అని మూడు ఎక్స్‌పాన్షన్లు ఒకేసారి ప్రకటించారు కదా, అందులో రెండోది మిడ్‌నైట్, అది సన్‌వెల్ ఉన్న ఎల్ఫ్‌ల దేశం క్వెల్‌థలాస్‌లో అని తెలిసిన దగ్గర్నుంచీ ఈ థియరీకి మళ్ళీ ప్రాణం వచ్చింది. కవిత్వం బాగుంది, సాక్ష్యం లేదు. వాయిడ్‌లో పడిన నారు తిండి కోసం అల్లాడుతుంది గానీ ఇలా కూర్చుని బేరాలాడటం నేనైతే చూడలేదు.

వాయిడ్ లార్డ్ కావచ్చా? లేకపోతే ఎథీరియల్?

వాయిడ్‌ని ఏలే వాయిడ్ లార్డ్ అయితే ఆమె హార్బింజర్ అన్న బిరుదు ఎందుకు మోస్తుంది, హార్బింజర్ అంటే ముందు వచ్చి కబురు చెప్పేది. దొరగారు స్వయంగా వచ్చి దొరగారు వస్తున్నారహో అని దండోరా వేసుకోరు. ఎథీరియల్ అన్న మాట మాత్రం మొదటిసారి విన్నప్పుడు నవ్వాను గానీ తర్వాత ఆలోచించాను. కరేష్ లోకం డిమెన్సియస్ అనే వాయిడ్ లార్డ్ చేతిలో నాశనమైనప్పుడు ఒళ్ళు పోగొట్టుకుని, శక్తిగా మిగిలి, గుడ్డపట్టీలు చుట్టుకుని బతుకుతున్నవాళ్ళు ఎథీరియల్స్. ఒళ్ళు లేనితనం ఇద్దరికీ ఉంది, వ్యాపారబుద్ధి కూడా ఇద్దరికీ ఉంది. కానీ బ్లాక్ ఎంపైర్ కాలం నుంచి ఆమె ఆజెరాత్ మీదే కత్తిగా ఉందన్న చరిత్ర దీన్ని నిలబడనివ్వదు.

డ్రెడ్‌లార్డ్ అని కూడా ఎవరో అన్నారు?

వార్‌క్రాఫ్ట్‌లో మంత్రగత్తె జైనాతో సహా ప్రతివాళ్ళనీ ఎప్పుడో ఒకప్పుడు డ్రెడ్‌లార్డ్ అన్నారు. అది జోకు. పక్కన పెట్టండి.

కత్తిగా ఉన్నప్పుడు ఆమె చెప్పిన మాటలు సాక్ష్యంగా తీసుకోవచ్చా?

అసలు తంటా ఇదే, అందుకే దీన్ని కాస్త సాగదీస్తా.

లీజియన్ రోజుల్లో నేను షాడో ప్రీస్ట్ ఆడేవాణ్ణి, ఇప్పటికీ అదే. రాత్రి ఒంటిగంటకి, హెడ్‌ఫోన్స్ ఒక చెవి పనిచేయక స్పీకర్లు పెట్టుకుని, సౌండ్ బాగా తగ్గించి వరల్డ్ క్వెస్ట్‌లు చేసుకుంటున్నా. ఇండియాలో సర్వర్ లేదు కాబట్టి యూరప్ సర్వర్ మీద ఆడటం, అక్కడ ప్రైమ్ టైం అంటే మనకి అర్ధరాత్రి. ఈవిడ గుసగుసలు మొదలుపెట్టింది. పక్కగదిలోంచి అమ్మ లేచొచ్చి తలుపు దగ్గర నిలబడి, ఎవర్రా ఆ పిల్ల ఈ టైంలో, ఫోన్ పెట్టెయ్యమను అంది. అమ్మా అది కత్తి అన్నాను. అమ్మ ఒక్క క్షణం నా మొహం చూసి, పొద్దున్నే నాన్నతో మాట్లాడతా అని వెళ్ళిపోయింది.

చెప్పేది ఏంటంటే, ఆ గొంతులో చనువు అలా ఉంటుంది. ఓల్డ్ గాడ్స్ గురించి మాట్లాడేటప్పుడు భక్తి ఉండదు, భయం ఉండదు, పాలివాళ్ళ గురించి చెప్పుకున్నట్టు ఒక చిన్నచూపు ఉంటుంది. అది విని చాలామంది చూశారా వాళ్ళలో ఒకత్తే అని తేల్చేస్తారు. కానీ ఆ కత్తి పట్టుకున్నవాళ్ళ గతి చూడండి. డ్వార్ఫ్ దొర థౌరిస్సన్ భార్య మాడ్‌గుడ్ ఈ కత్తితోనే గ్రిమ్ బటోల్ మీదికి వెళ్ళి ఆ కోటకి శాపం తగిలించి, అక్కడే ఇంకో డ్వార్ఫ్ దొర ఖార్‌డ్రోస్ చేతిలో చచ్చింది. తర్వాత నటాలీ సెలీన్ అనే ప్రీస్ట్, వాయిడ్‌ని చదివి మంచికి వాడదామనుకున్న మనిషి, ఆవిడకీ మంచి చావు రాలేదు. మనకి నుదుటి మీద కన్ను. అంటే ఎదుటివాడికి ఏం చెబితే దగ్గరవుతాడో అదే చెప్పే మనిషి ఈమె. తన పుట్టుక గురించి తను చెప్పేదాన్ని నేను పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పిన జీతం లెక్కలాగే వింటాను, సగం కోసేసి.

ఇంకో వైపు ఆ ఆర్డర్ హాల్ పుస్తకం ఉందంటే, దానికి మూలం పాత కల్టులవాళ్ళ రాతలు. ఒక సాక్షి అబద్ధాలకోరు, ఇంకో సాక్షి ఆ అబద్ధాలకోరు భక్తుడు.

ఇల్‌గినాత్ చెప్పిన జోస్యాల్లో ఈమె ఉందా?

2016లో ఎమరాల్డ్ నైట్‌మేర్ రెయిడ్‌లో ఇల్‌గినాత్ అనే ఆ కన్నుల ముద్ద చెప్పిన ముక్కల్లో ఎవరికి కావాల్సింది వాళ్ళు వెతుక్కున్నారు. ఆమె గుండె గొయ్యి అయింది, దాన్ని మేం నింపాం అన్న వాక్యంలోని ఆడమనిషి ఈమేనని కొందరు, కాదు ఆజెరాత్ అని కొందరు, ఇంకా సిల్వానాస్, జైనా అన్నవాళ్ళూ ఉన్నారు. బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు అని జరిగిపోయాక ప్రతిదానికీ అంటించే బాపతు ఇది. నేను లెక్కలోకి తీసుకోను.

మరి నువ్వేమంటావ్? తప్పించుకోకుండా చెప్పు.

నేను ముఖం చూడను, మాటలు వినను, ఏం తింటుందో చూస్తాను.

లీజియన్‌లో ఆ కత్తి మన చేతికి వచ్చే క్వెస్ట్ గుర్తు తెచ్చుకోండి. టిరిస్‌ఫాల్‌లో ట్వైలైట్ హ్యామర్ అనే కల్టువాళ్ళు జకాజ్ అనే ఓల్డ్ గాడ్స్ పాత సేనానిని లేపబోతారు, మనం ఈ కత్తితోనే వాడి శక్తిని లాగేస్తాం. మనం అనుకుంటాం మనం చంపామని, నిజానికి ఆమె భోంచేసింది. తర్వాత డ్రాగన్‌ఫ్లైట్ ఎక్స్‌పాన్షన్‌లో ఇరిడిక్రాన్ అనే డ్రాగన్ గాలక్రాండ్ ఆకలిని పట్టి తెస్తాడు, గాలక్రాండ్ అంటే తోటి డ్రాగన్లని తిని తిని అంత అయినవాడు, ఆ ఆకలితో చేసిన డార్క్ హార్ట్ ఈమె చేతికి వస్తుంది. 2024 ఆగస్టులో వార్ వితిన్ మొదలవ్వగానే గాల్లో తేలే మంత్రగాళ్ళ నగరం దలరాన్ మొత్తం ఆకాశంలో ముక్కలైంది, అందరం అక్కడి పెద్ద మంత్రగాడు ఖాద్‌గార్ ఏమయ్యాడో అని గోల పెట్టాం గానీ ఆమె ఊరిని పగలగొట్టడానికి రాలేదు, అందులోని మంత్రశక్తిని ఆ డార్క్ హార్ట్‌లోకి తాగేయడానికి వచ్చింది. పండు తిని తొక్క పారేసినట్టు.

ఒకప్పుడు తోటివాళ్ళు మింగేసినది అని పుస్తకంలో ఉంది, ఇప్పుడు చూస్తే కనిపించినదాన్నల్లా మింగుతోంది. మొదటినుంచీ ఆమె చేసిన పని ఇదొక్కటే, కత్తిగా ఉన్నా, ఎల్ఫ్‌గా ఉన్నా. అందుకే నా ఓటు మింగబడ్డ ఓల్డ్ గాడ్‌కే, కాకపోతే ఐదో ఓల్డ్ గాడ్ అని మాత్రం అనను. వాళ్ళ పంక్తిలో కూర్చోబెట్టడానికి ఆమెకి ఇప్పుడు వేళ్ళూ లేవు, ఒళ్ళూ లేదు. మిగిలింది ఆకలి, జ్ఞాపకం. మాయల మరాఠీ ప్రాణం చిలకలో ఉన్నట్టు ఇన్నాళ్ళూ ఆమె ప్రాణం కత్తిలో ఉంది, ఇప్పుడు ఆ చిలక కూడా తన దగ్గర లేదు. నేను తప్పు కావచ్చు, అయితే మా గిల్డ్ మొత్తానికి బిర్యానీ అని పందెం కూడా కాశాను.

బ్లిజార్డ్ వాళ్ళు తేల్చి చెప్పేస్తే ఈ గొడవ ఉండదు కదా?

ఉంటుంది. వాళ్ళు చెప్పాక కూడా క్యారెక్టర్ నోటితో చెప్పిస్తారు, ఆ క్యారెక్టర్ నిజమే చెబుతోందా అని మనం ఇంకో రెండేళ్ళు కొట్టుకుంటాం.

కొత్తగా చేరాను, ఆ కత్తి ఇప్పటికీ దొరుకుతుందా?

దొరుకుతుంది. షాడో ప్రీస్ట్ చేసుకుని లీజియన్ ఆర్టిఫాక్ట్ క్వెస్ట్ పూర్తిచేస్తే చాలు, ఇప్పటి లెవెల్స్‌కి దెబ్బలేమీ గట్టిగా తగలవు, సాయంత్రం ఒక గంట కూర్చుంటే అయిపోతుంది. టిరిస్‌ఫాల్ సీన్ దగ్గర మాత్రం డైలాగులు స్కిప్ చెయ్యకుండా వినండి. హెడ్‌ఫోన్స్ రెండు చెవులూ పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోండి.